నాన్న చుట్టిన ఎర్ర సున్నాలు: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సెమిస్టర్‌లో నేను రికార్డ్ వాల్యూస్ మీద ప్రాజెక్టు చేశాను. వరసగా వచ్చే అంకెల్లో, అంతకు ముందువన్నీ దాటేసినదే రికార్డు. ఇంత తేలికైన నిర్వచనం చూసి తీసుకున్నాను కానీ, రెండు నెలలు సరిగ్గా నిద్రపోలేదు.

డేటా మాత్రం ఇంట్లోనే దొరికింది. మలక్‌పేటలో మాకు కిరాణా కొట్టుంది. నాన్న ఏటా ఏప్రిల్ 1న కొత్త పుస్తకం తీసి, రోజూ రాత్రి గల్లా లెక్కపెట్టి ఆ రోజు అమ్మకం రాస్తారు, ఆ పుస్తకంలో అంతకు ముందు ఏ రోజూ రానంత వస్తే ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. 1952లో చాండ్లర్ అనే స్టాటిస్టీషియన్ రికార్డుల మీద రాసిన పేపర్ చదువుతుంటే ఆ సున్నాలే కళ్ల ముందు కనిపించాయి.

కొట్టు తీసిన 360 రోజుల్లో ఏడు సున్నాలున్నాయి. మూడు మొదటి పది రోజుల్లోనే. చివరి 120 రోజుల్లో ఒక్కటీ లేదు. "గిరాకీ పడిపోయింది బిడ్డా" అని నాన్న అప్పటికే దిగులు పెట్టుకున్నారు.

అసలు లెక్క ఇది. గిరాకీ పెరగకుండా తగ్గకుండా ఉందనుకుంటే, నూరు రోజుల్లో పెద్ద అమ్మకం ఏ రోజైనా పడొచ్చు, అది సరిగ్గా నూరో రోజునే పడే అవకాశం 1/100. అందుకే రికార్డులు రానురాను పలచబడతాయి. ఒకటి, అర, మూడో వంతు, అలా 1/360 దాకా కూడితే సగటున రావాల్సిన రికార్డుల సంఖ్య 6.46 వస్తుంది, మాకు ఏడు వచ్చాయి. చివరి 120 రోజుల్లో ఒక్క రికార్డూ రాకూడదంటే అన్నిటికన్నా పెద్ద అమ్మకం మొదటి 240 రోజుల్లోనే పడాలి, ఆ అవకాశం 240/360, అంటే మూడింట రెండు వంతులు!

మా గైడ్ మేడమ్ అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆదివారానికీ మంగళవారానికీ అమ్మకం ఒకటేనా, పండగ ముందు రోజుల సంగతేంటి అని అడిగారు. ఆ మాట నిజమే. అందుకని ఆ 360 అంకెల వరసను ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పదివేల సార్లు తారుమారు చేసి, ప్రతిసారీ రికార్డులు లెక్కపెట్టి, మా ఏడుని వాటి పక్కన పెట్టి చూశాను. ఏడు మామూలు సంఖ్యే. పండగల ప్రభావం లేదని దీంతో తేలదు, రికార్డుల సంఖ్యలో అది కనిపించలేదు, అంతే.

నన్ను నిజంగా ఏడిపించింది రెండో రికార్డు. దానికోసం సగటున ఎన్ని రోజులు ఆగాలో సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌తో ఉత్తుత్తి అమ్మకాలు పుట్టించి, చూద్దామనుకున్నాను. ఒకసారి నడిపితే ఒక సగటు, మళ్లీ నడిపితే దానికి మూడింతలు, ఇంకోసారి ప్రోగ్రాం ఆగనే ఆగదు. కోడ్‌లో తప్పుందనుకుని రెండు వారాలు లైన్ లైన్ వెతికాను, టెన్షన్‌తో అన్నం కూడా సయించలేదు. తప్పేమీ లేదు, ఆ సగటు అనంతం! మొదటి రోజే దసరా అమ్మకంలాంటిది పడితే దాన్ని దాటడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం, అలాంటి కొన్ని సందర్భాలే సగటును ఎక్కడా నిలవనివ్వవు. చాండ్లర్ పేపర్‌లో ఈ మాట ఉంది, నేనే ముందు చదివినప్పుడు దాటేశాను. వైవాలో మొదటి ప్రశ్న ఇదే అడిగారు, గడగడా చెప్పేశాను.

ఆ రాత్రి కొట్టు కట్టేశాక నాన్నకు పుస్తకం చూపిస్తూ అంతా వివరించాను. 240/360 దగ్గర ఆపి, మళ్లీ చెప్పమన్నారు. విని కాసేపు పేజీలు తిప్పారు.

"అయితే కొత్త పుస్తకంలో మళ్లీ సున్నాలు పడతాయంటావా?"

"మొదటి రోజే పడుతుంది నాన్నా. దానికి ముందు ఇంకో రోజు లేదు కదా."