ఇద్దరు పట్టాల్సిన రివెట్టు

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు ఒక శనివారం ఉదయం మొదటిసారి చిన్న విమానం ఎక్కింది. మేముండే అమెరికాలో, సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంస్థ ఈఏఏ 1992 నుంచి ఎనిమిదేళ్లు మొదలు పదిహేడేళ్ల వరకు ఉన్న పిల్లలను ఉచితంగా ఒకసారి ఆకాశంలో తిప్పి తీసుకొస్తోంది. ఆ విమానాలు నడిపేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. మా అమ్మాయిని తీసుకెళ్లిన పెద్దాయన ఆ విమానాన్ని తన ఇంటి గ్యారేజీలో తానే కట్టుకున్నారట. దిగి వచ్చాక పిల్ల మేఘాల గురించి ఒక్క మాటా చెప్పలేదు. "అమ్మా, మన గ్యారేజీలో పడుతుందా?" అని అడిగింది.

అప్పటికి మా దగ్గర గ్రీన్ కార్డు లేదు. అమెరికాలో విమానాన్ని సొంత పేరున నమోదు చేసుకోవాలంటే పౌరులైనా కావాలి, శాశ్వత నివాసులైనా కావాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. భారతీయుల వరస ఎంత పొడుగో ఇక్కడున్న తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర లేదు. మా పేర్లు వచ్చేసరికి అమ్మాయికి పన్నెండు దాటాయి. ఆ మూడేళ్లూ ఆమె ఆ ప్రశ్నను మరిచిపోలేదు. ఆలోగా మా ఆయన వారాంతాల్లో నేర్చుకుని పైలట్ లైసెన్సు తీసుకున్నారు. మన పాస్‌పోర్టుతో విమానం నేర్చుకోవాలన్నా ముందు భద్రతా శాఖ అనుమతి కావాలి. ఆ కాగితాలూ ఓపికగా పూర్తి చేశారు.

అప్పుడు మొదలైంది అసలు చర్చ. ఏ కిట్టు, అంటే ఇంట్లో జోడించి విమానంగా కట్టుకునే విడిభాగాల పెట్టె, కొనాలి?

ఇంట్లో విమానం కట్టడం చట్టవిరుద్ధం కాదా అని మా బంధువులు చాలామంది అడిగారు. కాదు. ఇక్కడి నియమం ప్రకారం పనిలో సగానికి మించిన భాగాన్ని, నేర్చుకోవడానికో వినోదానికో చేసేవాళ్లే చేసి ఉండాలి. ఆ రెండు మాటలూ నియమంలోనే ఉన్నాయి. వ్యాపారం కోసం చేయకూడదు, డబ్బిచ్చి మొత్తం మరొకరితో చేయించకూడదు. చేసిన ప్రతి పనికీ తేదీతో, ఫొటోలతో ఒక పుస్తకం రాసి పెట్టుకోవాలి. చివర్లో తనిఖీ అధికారి వచ్చి అన్నీ చూసి కాగితం ఇస్తారు.

కిట్లలో రకాలు చాలా ఉన్నాయి. ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడిగేవి ఒక రకం. ఐడహోలో తయారయ్యే కిట్‌ఫాక్స్ అలాంటిదే. రెక్కలు వెనక్కి మడుచుకుంటాయి కాబట్టి విమానాశ్రయంలో షెడ్డు అద్దెకు తీసుకోకుండా ఇంట్లోనే ఉంచుకోవచ్చు. ఫైబర్ గుడ్డను రసాయనంతో అతికించి ఆకారం తీసేవి ఇంకో రకం. చూడటానికి అందంగా ఉంటాయి కానీ ఆ వాసన, ఆ రుద్దుడు దుమ్ము పిల్లలున్న ఇంట్లో వద్దనుకున్నాం. మిగిలింది అల్యూమినియం రేకు. మిస్సోరి రాష్ట్రంలో మెక్సికో అనే ఊళ్లో ఉన్న జెనిత్ వాళ్లు రెండు రోజుల శిక్షణలో మనతోనే తోక చుక్కాని కట్టించి ఇంటికి పంపుతారు. మాకు దగ్గరలో ఉన్నది వాన్స్. 1973లో మొదలైన కంపెనీ, ఇప్పుడు ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కు దక్షిణాన అరోరా అనే చిన్న ఊళ్లో ఉంది. మా ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు. వాళ్ల విమానాల పేర్లన్నీ ఆర్‌వి అనే మొదలవుతాయి.

మా ఆయన లెక్కలన్నీ వేసి ఆర్‌వి-12 దగ్గర ఆగారు. రెండు సీట్లు, విడదీయగల రెక్కలు, పొదుపైన ఇంజను. అన్నిటికన్నా ముఖ్యం, దానిలో రేకులను కలిపి బిగించే రివెట్లు దాదాపు అన్నీ లాగుడు రకమే. బెజ్జంలో పెట్టి తుపాకీలాంటి పనిముట్టుతో లాగితే పుటుక్కున తెగి బిగుసుకుంటుంది. ఒక మనిషి చాలు, ఒక పక్క నుంచి చాలు. "నేను ఆఫీసు నుంచి వచ్చాక ఒక్కణ్నే కూర్చుని చేసుకోవచ్చు" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. నేనూ సరే అన్నాను.

ఆ నిర్ణయాన్ని మార్చింది మా నాన్న.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో 32 ఏళ్లు టింకరింగ్ మేస్త్రిగా చేశారు. చట్రం మీద అల్యూమినియం రేకు పరిచి, బెజ్జాలు వేసి, రివెట్లు కొట్టడం ఆయన జీవితం. సుత్తి మోతకు ఎడమ చెవి దాదాపు పోయింది. ఆయన మాకు బొత్తిగా చెప్పుకోని నష్టం అది. మా అమ్మాయితో ఫోనులో మాట్లాడాలంటే ఆ చెవి అడ్డం. ఆమె తెలుగు కూడా అడ్డమే. ఆదివారం తరగతికి వెళ్లి అక్షరాలన్నీ నేర్చుకుంది, గుణింతాలు తప్పు లేకుండా రాస్తుంది. తాతయ్యతో మాత్రం "బాగున్నారా తాతయ్యా", "బాగున్నాను తల్లీ, భోంచేశావా", "చేశాను" దగ్గర మాట ఆగిపోయేది. తర్వాత ఇద్దరూ తెరలో ఒకరినొకరు చూసుకుంటూ నవ్వేవారు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమనేది.

ఆ ఏడాది అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండేలా వచ్చారు. ఒక రోజు అందరం కలిసి అరోరా వెళ్లాం. నాన్న అక్కడున్న విమానాల చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. ఆర్‌వి-9ఎ దగ్గర నిలబడిపోయారు. రెక్క మీద అరచేయి పెట్టి మెల్లగా ముందుకు జరిపారు. రివెట్టు తలలు రేకుతో సమంగా కూర్చున్నాయి, వేలికి తగలవు. మళ్లీ వెనక్కి జరిపారు. నా వైపు తిరిగి, "లోపల దిమ్మె ఎవరు పట్టారు?" అని అడిగారు.

ఆర్‌వి-9ఎకు వాడేది గట్టి రివెట్టు, అది ఒకరి వల్ల కాదు. బయట నిలబడ్డ మనిషి గాలితో నడిచే సుత్తిని రివెట్టు తల మీద పెట్టి కొడతాడు. లోపలి మనిషి నున్నటి ఉక్కు దిమ్మెను దాని తోకకు ఆనించి పట్టుకోవాలి. ఆ దెబ్బకీ ఈ బరువుకీ మధ్య తోక నలిగి చిన్న బిళ్లలా అవుతుంది. రివెట్టు మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు రావాలి. దిమ్మె కాస్త వాలితే బిళ్ల పక్కకు ఒరుగుతుంది, దాన్ని డ్రిల్లుతో తీసేసి మళ్లీ కొట్టాలి. ఒకరికొకరు కనిపించరు, మధ్యలో రేకు ఉంటుంది.

ఆర్‌వి-12 కూడా చూపించాను. ఉబ్బెత్తు తలల వరస మీద వేలు పెట్టి చూసి, "బాగుంది, గట్టి పనే. ఇది ఒక్కడు చేసుకునే పని" అన్నారు. అందులో విమర్శ లేదు. ఉన్న సంగతి చెప్పారు.

మా అమ్మాయి, "తాతయ్య ఏమన్నారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "మరి ఇద్దరు చేసేది కొందాం" అంది.

ఇంటికి వచ్చాక మా ఆయన మళ్లీ లెక్కలు తీశారు. ఆర్‌వి-9ఎకు ఎక్కువ గంటలు పడతాయి. పదిహేను వందల గంటలకు పైనే అనుకోవాలి. ఇంజనుతో కలిపి లక్ష డాలర్లు దాటుతుంది. మేం ముగ్గురం ఉంటే సీట్లు రెండే. నాలుగు సీట్ల ఆర్‌వి-10 ఉంది కానీ దానికి ఇంకా పెద్ద ఇంజను కావాలి, ఆ ఖర్చు మాకు అందదు. ఆర్‌వి-9ఎలో మాకు నచ్చినది దాని నెమ్మది. 28 అడుగుల రెక్క, తక్కువ వేగంలోనూ నిలకడగా దిగుతుంది, పల్టీలు కొట్టడానికి చేసినది కాదు. కొత్తగా నేర్చుకున్న మనిషికి అది మేలు. పైగా మొత్తం ఒక్కసారి కొనక్కరలేదు. తోక ఒక కిట్టు, రెక్కలు ఒక కిట్టు, శరీరం ఒక కిట్టు, చివరి అమరికలు మరో కిట్టు. ఒక్కో పెట్టె ఒక్కో దశలో తెప్పించుకోవచ్చు.

నాకు తట్టిన సంగతి అక్కడే ఉంది. నాన్న వీసా మీద వస్తే ఉండేది ఆరు నెలలు. తోక కట్టడానికి ఆరు నెలలు సరిపోతాయి. ఒక్కో రాకకు ఒక్కో పెట్టె. అలా నిర్ణయం అయిపోయింది. బంధువుల్లో ఒకరు ఫోనులో, ఆ డబ్బు పిల్ల చదువుకు దాచవచ్చు కదా అన్నారు. దాస్తూనే ఉన్నాం. ఇది కూడా ఆమె చదువే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

భయం సంగతి దాచను. మా అమ్మ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంట్లో కట్టిన విమానాల ప్రమాదాల రేటు కర్మాగారంలో తయారైన వాటికన్నా ఎక్కువని ఇక్కడి రవాణా భద్రతా మండలి 2012లో విడుదల చేసిన అధ్యయనంలోనే ఉంది. ఇంజను శక్తి కోల్పోవడం, గాలిలో అదుపు తప్పడం ప్రధాన కారణాలు. వాటిలో పెద్ద వంతు కొత్త విమానం ఎగరడం మొదలుపెట్టిన తొలి దశలోనే జరుగుతాయి. ఆ అధ్యయనాన్ని మా ఆయనా నేనూ కలిసి చదివాం. అందుకే నిరూపితమైన ఇంజనే పెట్టాలనీ, మొదటిసారి ఎగరేసే పని అనుభవజ్ఞుడికి అప్పగించాలనీ, మా ఆయన అదే రకం విమానంలో శిక్షణ తీసుకున్నాకే నడపాలనీ రాసి గ్యారేజీ గోడకు అంటించాం. మొదట, మామూలుగా 25 లేదా 40 గంటలు ఉండే పరీక్షా కాలంలో సరదాకు ఎవరినీ ఎక్కించుకోకూడదన్నది చట్టమే. ఇది సొంతంగా కట్టిన విమానమనీ, మామూలు విమానాల భద్రతా నియమాలకు లోబడినది కాదనీ లోపల కనిపించేలా రాయాలి కూడా. ఆ వాక్యాన్ని అమ్మకు తెలుగులో చెప్పాను. "రాసి పెట్టమన్నారంటే మంచివాళ్లే" అంది. అంతకుమించి ఒప్పుకోలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు.

తోక పెట్టె వచ్చింది. ముందు సాధన కోసం అమ్మే చిన్న కిట్టు మీద చేయి తిప్పుకున్నారు. అమ్మాయి సుత్తి పట్టింది, నాన్న దిమ్మె పట్టారు. మొదటి వరసలో పద్నాలుగు రివెట్లు, ఐదు చెడిపోయాయి. నాన్న కోప్పడలేదు. ఆమె చేతిని చూసి, "నీది పుర్రచేతి వాటం తల్లీ, ఇటు వచ్చి నిలబడు" అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను చెప్పబోయి ఆగాను. నాన్న ఆమె భుజాలు పట్టుకుని అవతలి వైపు నిలబెట్టారు. తర్వాతి వరసలో ఒక్కటే పోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, "అమ్మా, వాటం అంటే ఎడమ చేయా?" అని అడిగింది. కాదు, పని చేతికి అమరే తీరు అని చెప్పాను. మర్నాడు డ్రిల్లు తీగ పొడవు చాలక వంగి నిలబడాల్సి వస్తే, "తాతయ్యా, ఇది వాటంగా లేదు" అంది. నాన్న పని ఆపి నా కోసం వంటింట్లోకి వచ్చారు, ఆ మాట నాకు చెప్పడానికి.

సుత్తి మోగుతుంటే మాటలు వినిపించవు. చెవులకు ఇద్దరూ తొడుగులు పెట్టుకుంటారు. నాన్నకు వాటిని తొడిగింది అమ్మాయే. "మా రోజుల్లో ఇవి లేవమ్మా" అని ఆయన కుడి చెవి మీద చేయి వేసి సర్దుకున్నారు. షెడ్డులో వాళ్లకు ఒక పద్ధతి ఉండేదట. లోపలివాడు దిమ్మెతో రేకు మీద ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టు, రెండుసార్లు తడితే చాలు, మూడుసార్లు తడితే చెడింది. అమ్మాయి చదివిన పాఠంలో అమెరికాలో విమానాలు కట్టేవాళ్ల తట్లు కూడా అవే. ఆమె ఆ పేజీ తెచ్చి తాతయ్యకు చూపించింది, ఒక్కో గీత మీద వేలు పెట్టి తెలుగులో చదివి చెప్పింది. ఇంగ్లీషు పేజీని తడుముకోకుండా తెలుగులోకి మార్చి చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

నా వంతు బెజ్జాల అంచులు నున్న చేయడం. డ్రిల్లు వేశాక ప్రతి బెజ్జానికీ రెండు వైపులా సన్నని ముల్లు లేస్తుంది, అది ఉంటే రేకు పగులుకు దారి ఇస్తుంది. చిన్నప్పుడు క్యారేజీ తీసుకుని ఆ షెడ్డు గేటు దాకా వెళ్లేదాన్ని. ఆడపిల్లలు లోపలికి రాకూడదు, రేకులు కోసుకుంటాయి అనేవారు. ఇప్పుడు అదే మనిషి పక్కన కూర్చుని ఆయన వేసిన గీతల మీద పని చేస్తున్నాను. ఒక సాయంత్రం నేను చేసిన రేకును దీపానికి ఎత్తి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టి ఇంకొకటి ఇచ్చారు. ఆయన బాగుందని చెప్పే పద్ధతి అదే.

పని పుస్తకంలో ఇంగ్లీషులో అమ్మాయి రాస్తుంది. ఆ కింద నాన్న తన చేత్తో తెలుగులో తేదీ వేసి ఒక ముక్క రాసేవారు. "చుక్కాని కుడి రేకు. 46 రివెట్లు. 2 తీసి మళ్లీ కొట్టాం. సందు లేదు." ఆయన షెడ్డులో రోజూ పద్దు రాసేవారు, అదే అలవాటు. అధికారికి ఇబ్బంది అవుతుందేమోనని మా ఆయన కనుక్కున్నారు. ఫలానా తీరులోనే రాయాలన్న నియమం లేదట. అమ్మాయి ఇప్పుడు ఆ గొలుసు రాతను కూడా చదువుతుంది. తరగతిలో నేర్పింది ముత్యాల్లాంటి అచ్చు అక్షరాలు. తాతయ్య "ళ"కూ "శ"కూ తేడా కనిపెట్టడానికి ఆమెకు రెండు వారాలు పట్టింది.

నాన్న అక్టోబరులో వెళ్లిపోయారు. తోక పూర్తయింది. చుక్కాని గ్యారేజీ గోడకు పాత దుప్పటి కప్పుకుని వేలాడుతోంది. ఇప్పుడు ఆదివారం ఫోను గంట దాటుతోంది. అమ్మాయి రెక్కల నక్షాలు కెమెరా ముందు పెడుతుంది, ఆయన కుడి చెవి ఫోనుకు ఆనించి, మళ్లీ ఫోను దూరం జరిపి బొమ్మ చూసి, "ఆ మూలలో దిమ్మె దూరదు, చిన్నది కావాలి" అంటారు. నిన్న ఆ నక్షాలు తిరగేస్తుంటే కొన్ని పేజీల పైన ఆమె పెన్సిలుతో తెలుగులో రాసుకున్నది కనిపించింది. తనూ మా ఆయనా కలిసి చేయగల వాటికి "మేము" అని ఉంది. రెక్క లోపలికి చేయి పెట్టి గుడ్డిగా పట్టాల్సిన వరసలకు "తాతయ్య వచ్చాక" అని ఉంది. రెక్కల పెట్టె మార్చిలో వస్తుంది. ఆయన టికెట్ ఏప్రిల్‌కు తీశాం.