పొద్దున 3, సాయంత్రం 11

రాత్రి, కాలు ఉబ్బకుండా వేసుకునే బిగుతు తొడుగు వేసుకోకుండానే నిద్రపోయాను. పొద్దున లేచి చూస్తే కాలు ఉబ్బి ఉంది. నేను పెట్టుడు కాలితో నడుస్తాను. కాలు తీసేశాక మోకాలి కింద మిగిలిన భాగాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కి చూసుకోవడం నాకు ముఖం కడుక్కోవడం కన్నా ముందు పని. ఇవాళ నిండుగా, కాస్త బరువుగా తగిలింది. చివర కుట్లు వేసిన చోటు మామూలుగా చూస్తే కనబడదు కాబట్టి కింద చిన్న అద్దం పెట్టి చూశాను. పొక్కు లేదు, చర్మం ఎక్కడా చిట్లలేదు.

పెట్టుడు కాలికి ముందు చర్మం మీద వేసుకునే మెత్తటి రబ్బరు లాంటి లైనర్ తిరగేసి, దాని అడుగును కాలి చివరకు ఆనించి, మెల్లగా పైకి దొర్లించాను. మధ్యలో గాలి మిగిలితే సరిగ్గా అక్కడే పొక్కు లేస్తుంది. దాని మీద 3 ప్లై సాక్స్. ప్లై అంటే సాక్స్ మందం లెక్క, అంకె పెరిగితే మందం పెరుగుతుంది. లైనర్ అడుగున ఉండే పిన్ను సాక్స్ చివర రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాను. ఒకసారి ఆ గుడ్డ అంచు పిన్నుతో పాటు పెట్టుడు కాలి లోపలి లాక్‌లోకి వెళ్ళి ఇరుక్కుపోయింది. పెట్టుడు కాలు ఊడిరాక అర్ధగంట పాటు గుండె దడదడలాడింది. అప్పట్నుంచి తడమకుండా లేచి నిలబడను.

నిలబడి బరువు వేస్తే టక్, టక్ మని పిన్ను ఒక్కో పన్ను దిగుతుంది. పక్కగదిలోంచి మా అమ్మాయి కేకేసింది.

"అమ్మా, ఆరే వినబడ్డాయి!"

"రాత్రి తొడుగు మర్చిపోయానే. కాసేపు నడిస్తే దిగుతుందిలే."

నిజంగానే ఇల్లు సర్దుతూ అటూ ఇటూ తిరిగాక ఏడోది దానంతటదే దిగింది. మామూలు రోజుల్లో పొద్దున్నే ఏడు వస్తాయి. తగ్గితే కాలు ఉబ్బినట్టు, పెరిగితే కాలు చిక్కినట్టు. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు, నెలసరికి ముందు రెండు రోజులు, ఎక్కువసేపు కాలు వేలాడేసి కూర్చున్నప్పుడు ఇలాగే ఉబ్బుతుంది. ఇవన్నీ నాకెవరూ ముందుగా చెప్పలేదు. నోటుబుక్కులో రాసుకుంటూ పోతే నెమ్మదిగా తెలిశాయి.

మూడో పీరియడ్‌లో బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు తిరిగాను. ఆ తిరగడంలో కాలు సాకెట్‌లో, అంటే పెట్టుడు కాల్లో నా కాలు కూర్చునే గిన్నెలో, కొంచెం కిందికి జారింది. చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. నాకు మాత్రం మోకాలి చిప్ప కింద అంచు గుచ్చుకుంటుంది, ముంగాలి ఎముక చివర అడుగుకు తగులుతుంది, ఆ వైపు కాలు పొట్టిదైనట్టు అనిపిస్తుంది. అడుగు వేసినప్పుడల్లా లోపల్నుంచి గాలి బయటికి పోయే చప్పుడు కూడా. గంట కొట్టగానే స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి వదులు పోవడానికి ఇంకో 5 ప్లై వేసుకున్నాను. మొత్తం 8.

మొదటి ఏడాది నేనిలా వెంటనే కూర్చునేదాన్ని కాదు. "నొప్పి ఉంటుందమ్మా, అలవాటైపోతుంది" అని ఒకరు అంటే నమ్మాను. సాయంత్రం దాకా పళ్ళ బిగువున నిలబడేదాన్ని. ఎముక చివర చర్మం చిట్లి పుండైంది. మూడు వారాలు కాలు పెట్టుకోలేదు, చంకకర్రలతోనే తిరిగాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. కొత్తగా కాలు పెట్టుకున్నవాళ్ళతో ఎవరూ అలా అనకూడదు. నొప్పి ఎందుకొస్తోందో ఆ రోజే చూసుకుని ఉంటే ఒక్క సాక్స్‌తో పోయేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పది నిమిషాలు పెట్టుడు కాలు తీసేసి, ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాను. లైనర్ లోపల చెమట తుడిచాను. ఇలా కాసేపు బయట పెడితే పొద్దుటి నుంచి తగ్గిన నిండుదనం కొంత తిరిగొస్తుంది. కొత్తగా చేరిన టీచరమ్మ చూసి కంగారుపడింది.

"ఏమైంది మేడమ్, నొప్పిగా ఉందా?"

"లేదమ్మా, రోజూ తీస్తాను. సాయంత్రం దాకా నిలబడాలిగా."

అయినా ఇంటికొచ్చేసరికి ఇంకో 3 వేయాల్సి వచ్చింది. 11.

11 అని రాశాక నోటుబుక్కులో వెనక పేజీలు తిప్పాను. ఆరు నెలల కింద సాయంత్రం 5 ఉండేది. తర్వాత 6, 8, మళ్ళీ 8, 9. ఒక్కో రోజు చూస్తే ఏమీ అనిపించదు. ఒక్కో ప్లై అంటే ఎంత మందమని? వరుసగా చూస్తేనే కాలు ఎంత చిక్కిందో అర్థమైంది. టేపు తీసుకుని మోకాలి చిప్పకు నాలుగు వేళ్ళ కింద చుట్టుకొలత చూశాను. సాకెట్ చేసినప్పుడు 31 సెంటీమీటర్లు, ఇప్పుడు 29.

అసలు చిక్కు ఆ రెండు సెంటీమీటర్లలో కూడా లేదు. కాలు చిక్కడమంటే పిక్క కండ తగ్గడం. ఎముక తగ్గదు. సాక్స్‌కి ఆ తేడా తెలియదు, అది కాలు చుట్టూతా ఒకే మందాన పరుచుకుంటుంది. పిక్క దగ్గర వదులు పోవాలని నేను పొర మీద పొర వేస్తుంటే, మోకాలి పక్కన ఎముక బొడిపె దగ్గర అవే పొరలు బిగుతు పెంచుతున్నాయి. పైన బిగుతు, కింద ఖాళీ. ఇవాళ లైనర్ తీశాక చూస్తే ఆ బొడిపె మీద రూపాయి బిళ్ళంత ఎరుపు. మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో పోతుంది. గడియారం చూస్తూ కూర్చున్నాను, 25 నిమిషాలు పట్టింది. అద్దంలో కాలి చివర కూడా కాస్త నల్లెరుపుగా కనబడింది. కాలి చివర సాకెట్ అడుగుకు ఆనకుండా వేలాడితే అలా రంగు తిరుగుతుంది. అది వదిలేస్తే చర్మం మొద్దుబారి గరుకుగా పెరుగుతుంది.

కాబట్టి ఈ సాకెట్ పనైపోవచ్చింది. రాయడానికి చెయ్యి ఆడట్లేదు. రెండేళ్ళు దీని మీదే నడిచాను. దీని అంచు ఎక్కడ నొక్కుతుందో, మెట్లు దిగేటప్పుడు ఎలా పట్టుకుంటుందో నా ఒంటికి తెలుసు. కొత్తదంటే మళ్ళీ కొలతలు, లోపల కాలు కనబడే పారదర్శకమైన ట్రయల్ సాకెట్, అందులో నడిచి చూడటం, ఇక్కడ కాస్త వేడిచేసి వంచడం, అక్కడ కాస్త అరగదీయడం, పాదం కోణం సరిచేయడం. వారాలు పడుతుంది. కండ తగ్గిపోవడం చూస్తే దిగులు కూడా. ఉన్న కాస్త కాలు కూడా కరిగిపోతున్నట్టు అనిపించి కాసేపు టేపు చేతిలో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను.

తర్వాత కాలు చేసే ఆయనకు ఫోన్ చేశాను.

"పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని?" అన్నారు ఎత్తగానే.

నోటుబుక్కు చూసి చదివాను. ఎరుపు ఎక్కడ, ఎంతసేపు ఉందో చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నారు. అలా వినే మనిషి దొరకడం నా అదృష్టం.

"లోపల ప్యాడ్ అతికిస్తే ఇంకొన్నాళ్ళు వస్తుందో, కొత్తదానికి కొలతలే తీసుకోవాలో చూసి చెప్తానమ్మా. రోజూ ఎలా వేసుకుంటారో అలాగే వేసుకుని రండి. సాక్స్ అన్నీ తెచ్చుకోండి. ఈలోపు ఎక్కువసేపు నిలబడకండి."

లైనర్ గోరువెచ్చటి నీళ్ళలో, మంట పుట్టించని సబ్బుతో కడిగి స్టాండు మీద ఆరేశాను. సబ్బు జిడ్డు మిగలకుండా రెండుసార్లు కడిగాను. అమ్మాయి సొరుగులోంచి సాక్స్ తీసి రేపటి సంచిలో సర్దింది. 5 ప్లైవి రెండు, 3 ప్లైది ఒకటి, 1 ప్లైవి రెండు. తొడుగు తెచ్చి నా దిండు మీద పెట్టింది, మళ్ళీ మర్చిపోతానని.

మంగళవారం పదకొండింటికి రమ్మన్నారు. ఆ రోజు నావి రెండు పీరియడ్లు ఉన్నాయి, ఎవరైనా తీసుకుంటారేమో రేపు అడగాలి. రేపటి క్లాసులు కూర్చునే చెప్పాలి.