పడి లేచిన కథ చెప్పమన్నారు

"మీరు వేరే దేశం నుంచి వచ్చినవారు కదా, మీ దగ్గర గొప్ప కథే ఉండి ఉంటుంది" అన్నారు శిక్షణ ఇస్తున్న ఆవిడ, నా వైపు చేయి చాపి. గదిలో ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. కొందరైతే అప్పటికే ముఖాల్లో జాలి సిద్ధం చేసుకున్నారు.

మా ఆఫీసు శిక్షణా తరగతుల మీద నా అభిప్రాయం నా రాతలు చదివేవారికి కొత్త కాదు. ఈసారి విషయం, దెబ్బ తిన్నాక మళ్ళీ నిలదొక్కుకోవడం ఎలా అన్నది. రెండు గంటలు, హాజరు తప్పనిసరి. ఈ 2025 థాంక్స్‌గివింగ్ ముందు మంగళవారం, ఉన్న పని ముగించుకుని సెలవులో పడదామని అందరూ తొందరపడుతున్న రోజున పెట్టారు. దాన్ని ఓర్చుకోవడమే మొదటి పాఠం కాబోలు. తెర మీద వేసిన మొదటి బొమ్మ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ కోచ్ రయన్ డేది. ఆ జట్టు సొంత ఊరు కొలంబస్‌లో ఇంకెవరి బొమ్మ వేస్తారు, అదీ చిరకాల ప్రత్యర్థి మిషిగన్‌తో ఆట ఉన్న వారంలో! 2024 నవంబరు 30న సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిన కోచ్, వారి చేతిలో వరసగా నాలుగోసారి ఓడిన కోచ్, తీసేయండి మొర్రో అని ఊరంతా అరిచిన కోచ్, సరిగ్గా 51 రోజులకు దేశానికంతటికీ విజేత అయ్యాడు. "ఆ 51 రోజులు మనలో ప్రతి ఒక్కరిలోనూ ఉన్నాయి" అన్నారు ఆవిడ. ఆ మాట పుస్తకంలో రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

తరువాత నా వంతు వచ్చింది.

"ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆవిడ మర్యాదగా తల ఊపి ముందుకు వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను, కథ గురించి కాదు, ఇచ్చి ఉండవలసిన జవాబుల గురించి. కారు నడుపుతూ ఒకటి తయారుచేశాను, వంకాయలు తరుగుతూ ఇంకొకటి. "నేను విమానంలో వచ్చానండీ, కిటికీ పక్క సీటే దొరికింది" అన్నది ఉన్నవాటిలో కాస్త మెరుగు. నా పక్క కుర్చీలో కూర్చున్నాయనకు ఈ ఏడాది విడాకులయ్యాయి, పెద్దదిక్కు తల్లి మంచాన పడింది. ఆయనను కథ అడగలేదు. ఆయన పుట్టింది క్లీవ్‌లాండ్‌లో.

అడగడంలో చెడు ఉద్దేశం ఏమీ లేదు. అదే అసలు చిరాకు. చెడు ఉద్దేశమే ఉంటే ఒక మాట తిరిగి అనేసి మధ్యాహ్నానికి మరచిపోయేదాన్ని.

సరే, ఆ రయన్ డే కథనే తీసుకుందాం. అందులో ఆవిడ చెప్పని సంగతి ఒకటుంది. మా చిన్నదాన్ని అడిగినా చెబుతుంది, మామయ్యగారినైతే అడగకపోయినా కాగితం మీద గీసి మరీ చెబుతారు. అంతకుముందు ఏడాది వరకు కాలేజీ ఫుట్‌బాల్ చివరి పోటీలకు నాలుగు జట్లనే తీసుకునేవారు. పన్నెండు జట్లను తీసుకోవడం మొదలైంది ఆ సీజన్‌లోనే. ఒహాయో స్టేట్ అప్పటికి రెండు ఆటలు ఓడింది, అక్టోబరులో ఒరెగాన్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, ఆ పైన మిషిగన్ చేతిలో. ఎంపిక సంఘం ఇచ్చిన ర్యాంకు ఆరు. పాత నిబంధనే ఉంటే రయన్ డే ఎంత గుండె గల మనిషైనా నవంబరు 30తో సీజన్ దాదాపు ముగిసినట్టే. నిబంధన మారింది కాబట్టి టెన్నెసీ మీద 42-17, ఒరెగాన్ మీద 41-21, టెక్సస్ మీద 28-14, చివర నోటర్ డేమ్ మీద 34-23. రెండో అవకాశం ఇచ్చే కాగితం ఏదో ఒక గదిలో ఎవరో కూర్చుని రాశారు. ఆ కాగితం ఊసు ఏ శిక్షణలోనూ ఎత్తరు. గెలిచాక ఆయనకు ఏడాదికి సగటున 1.25 కోట్ల డాలర్ల చొప్పున ఏడేళ్ళ ఒప్పందం ఇచ్చారు. ఓడినప్పటి జీతమూ తక్కువదేమీ కాదు. ఊరు కోరినట్టు తీసేసి ఉన్నా పరుపు మీద పడ్డవాడు లేచినట్టు లేచేవాడు.

51 రోజులట. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మా ఆయన క్యాలెండరు మీద ఆ గడువు కొట్టివేసుకుంటూ వచ్చిన రోజులు మీకు తెలియకపోవచ్చు, నేను అప్పట్లో ఇక్కడ పచ్చళ్ళ గురించి మాత్రమే రాశాను.

ఆ 51వ రోజు, అంటే 2025 జనవరి 20, నాకు ఇంకో విధంగా గుర్తు. సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. బయట కాలు పెట్టలేని చలి. వాషింగ్టన్‌లోనూ చలేనని ప్రమాణ స్వీకారాన్ని కాపిటల్ భవనం లోపలికి మార్చారు. మామయ్యగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నారు. ఆయనకు ట్రంప్ అంటే గిట్టదు. అయినా ఎవరి ప్రమాణ స్వీకారమూ వదలరు. 1983లో లాల్‌బహదూర్ స్టేడియంలో ఎన్టీఆర్ ప్రమాణం చేస్తుంటే జనంలో నిలబడి చూసిన మనిషి, ఆ ముచ్చట ప్రతి నాలుగేళ్ళకూ ఇంట్లో ఒకసారి వినవలసిందే. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉష కూతురిని ఎత్తుకుని, రెండో చేత బైబిల్ పట్టుకుని భర్త పక్కన నిలబడితే "వడ్లూరు మనవరాలు!" అని మురిసిపోయారు. వడ్లూరు తణుకు దగ్గర, మా అత్తవారి ఊరికి దూరమేమీ కాదు. మరుక్షణంలో "ఆ పార్టీలో నీకేం పనమ్మా" అని టీవీతోనే పోట్లాట పెట్టుకున్నారు. ఆ భర్తగారేమో మా చిన్నది చదువుతున్న ఒహాయో స్టేట్‌లోనే 2009లో పట్టా పుచ్చుకున్నవాడు. (ఏప్రిల్‌లో జట్టు వైట్‌హౌస్‌కు వెళితే ఆ కప్పు ఎత్తబోయి కింది దిమ్మె జారవిడిచిందీ ఆయనే. "అల్లుడుగారు చేయి జార్చారు" అని మామయ్యగారు వారం రోజులు నవ్వారు.)

రాత్రి ఏడున్నరకు నోటర్ డేమ్‌తో చివరి ఆట. చిన్నది స్నేహితులను వెంటేసుకుని వచ్చింది. కింద గది నిండా ఎర్ర చొక్కాలు, నేనేమో పళ్ళేలు అందించేదాన్ని. సగం ఆట అయ్యేసరికి 21-7. అప్పుడు డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోను చేసింది. ఏడో నెల. ట్రంప్ అప్పుడే సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, 30 రోజుల తరువాత ఇక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదు. "అక్కా, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయించేసుకోమంటున్నారు కొందరు. చేయించుకోనా?" అని అడిగింది. అది అడగడానికి ముందు డాక్టర్ లేదా, లాయర్ లేడా అనుకున్నాను గానీ, వాళ్ళనడిగే ధైర్యం లేకే నన్ను అడిగింది. మెట్ల మీద కూర్చుని ఏవేవో చెబుతున్నాను. కింద 31-7 ఉన్నది 31-23 దాకా వచ్చింది, గదిలో చడీచప్పుడు లేదు. అప్పుడు ఒహాయో స్టేట్ ఆటగాడు విల్ హోవర్డ్ ఎత్తి విసిరిన బంతిని జెరెమయా స్మిత్ అందుకున్నాడు. 56 గజాలు. ఇల్లంతా అదిరిపోయేలా అరిచారు, అందులో మామయ్యగారి గొంతు వేరుగా వినిపించింది.

"అక్కడ ఏమిటక్కా ఆ గోల?"

"గెలిచేస్తున్నారే."

"ఎవరు?"

"మనవాళ్ళే" అనేశాను. అటువైపు నుంచి చాలాసేపు మాట రాలేదు.

మూడు రోజులకు సియాటిల్‌లో ఒక న్యాయమూర్తి ఆ ఉత్తర్వును ఆపారు. కోర్టుకు వెళ్ళిన 22 రాష్ట్రాల్లో దాని టెక్సస్ లేదు, మా ఒహాయో లేదు. మార్చిలో పిల్లవాడు నెలలు నిండాకే పుట్టాడు, పాస్‌పోర్టు కూడా వచ్చింది. ఉత్తర్వు సంగతి 2025 నవంబరు నాటికీ కోర్టుల్లో తేలలేదు. మా పిన్ని మాత్రం "నా కూతురు ఎంత నిబ్బరంగా నిలబడిందో" అని అందరికీ చెబుతుంది. ఎక్కడ నిలబడింది! నిద్ర మానేసింది, తిండి మానేసింది, మొగుడితో పోట్లాడింది, నాకు వేళాపాళా లేకుండా ఫోన్లు చేసింది. దాన్ని నిలబెట్టింది ఎవరో వేసిన దావా. ఇదిగో, ఇదీ ఆ శిక్షణలో నేను చెప్పదలచుకున్నది. తట్టుకోమని మనుషులకు నేర్పే బదులు నిబంధన మార్చండి అని.

ఇంతవరకు రాసి మంచినీళ్ళకని కిందికి వెళ్ళాను. మామయ్యగారు ఇంకా మెలకువగానే ఉన్నారు, శబ్దం తీసేసి పోయినేటి టెన్నెసీ ఆట చూస్తున్నారు. నా వాదన అంతా వినిపించాను. పూర్తిగా విని, "తలుపు తీసే ఉందమ్మా, కానీ ఓడిన రోజు నుంచి ఈ ఆట దాకా ఆ మూడు వారాలు ఆయన పొద్దున లేచి ఆ ఊళ్ళోనే కదా తిరగాలి" అన్నారు. జవాబు తోచలేదు. కొలంబస్‌లో మిషిగన్ చేతిలో ఓడిన కోచ్ పెట్రోలు బంకుకు వెళ్ళడం కూడా కష్టమే. పైగా నాకు తెలిసీ పక్కన పెట్టిన సంగతి ఒకటుంది. రయన్ డే చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడే తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఈ ఊరి పిల్లల ఆస్పత్రిలో నిధి పెట్టారు. హారీ మిల్లర్ అనే ఆటగాడు చచ్చిపోవాలనిపిస్తోందని తనతో చెప్పుకుంటే, కోచ్ వెంటనే వైద్యులకు అప్పగించాడని 2022లో ఆ కుర్రవాడే బయటపెట్టాడు. ఆవిడ తెర మీద ఆ సంగతి వేసి ఉంటే నేను రెండు గంటలూ నోరు మూసుకుని వినేదాన్ని. ఆ కుర్రవాడిని నిలబెట్టిన కాగితమంటూ ఏదీ లేదు, ఎదురుగా కూర్చుని విన్న మనిషి ఉన్నాడు. జనవరి రాత్రి మెట్ల మీద నేను చేసింది కూడా అంతకు మించినదేమీ కాదు, కాకపోతే మధ్యలో స్కోరు చెప్పాను.

అలాగని పూర్తిగా ఒప్పేసుకోను. రెండో అవకాశాలు అందరికీ ఒకే కొలతలో రావు. ఒహాయో స్టేట్ పాత కోచ్ జిమ్ ట్రెసెల్‌ను చూడండి. ఆటగాళ్ళు తమ సామాన్లిచ్చి పచ్చబొట్లు పొడిపించుకున్న సంగతి తెలిసీ దాచాడని 2011లో కోచ్ పదవి వదులుకోవలసి వచ్చింది. తరువాత యంగ్స్‌టౌన్‌లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడయ్యాడు, 2025 ఫిబ్రవరిలో రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరే అయ్యాడు. పచ్చబొట్ల కుర్రవాళ్ళకు అయిదేసి ఆటల నిషేధం పడింది. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీ 2.05 కోట్ల డాలర్ల దాకా. నిబంధన మారింది, వాళ్ళ వయసు దాటిపోయింది. పోయినేడు మిషిగన్ కుర్రవాళ్ళు గెలిచాక మా మైదానం మధ్యన జెండా పాతబోతే పోలీసులు మిరియాల స్ప్రే కొట్టేదాకా వెళ్ళింది. ఆ డిసెంబరులో ఒక శాసనసభ్యుడు, అలా పాతడాన్ని జైలుకు పంపగల నేరం చేయాలని బిల్లే పెట్టాడు! చట్టం కాలేదు లెండి. ఇంత చురుకుదనం ఆ 60 రోజుల గడువు మీద చూపిస్తే ఎంత బాగుండును. అది రాష్ట్రం చేతిలో లేదని మా ఆయన దిద్దుతారు. తెలుసు.

మంచి సంగతి చెప్పలేదు కదూ, చిన్నది సాయంత్రం వచ్చింది. మూడు సంచుల మాసిన బట్టలు, ఒక జలుబు. వాళ్ళ కాలేజీలో బోర్డుల మీద మిషిగన్‌ను గుర్తు చేసే ఎం అక్షరం కనిపించిన చోటల్లా ఎర్ర టేపు అంటించేశారట, ఇంట్లో మైక్రోవేవ్ మీద కూడా అంటించింది.

గురువారం భోజనానికి వచ్చేవాళ్ళలో మా ఆయన ఆఫీసు స్నేహితుడు ఒకాయన మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌లో చదివాడని ఇవాళే తెలిసింది. పిలిచాక వద్దనలేం. గుత్తివంకాయ పెట్టండి గానీ మారు అడిగితే అయిపోయిందని చెప్పండి అన్నారు మామయ్యగారు. అన్ని వంకాయలు కొనుక్కొచ్చింది ఆయనే.