వేరే కంచం

2022 అక్టోబర్‌లో ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే మెడ కుడి పక్కన చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకి బనీను తడిసిపోయేది. బ్రిటన్‌లో మేముండే కార్డిఫ్‌లో మా వీధి డాక్టర్ రెండుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు, తగ్గలేదు. నేను నాలుగు కిలోలు తగ్గాక మా ఆవిడకి టెన్షన్ మొదలైంది. "ఇండియా వెళ్ళి చూపించుకుందాం" అంది. టికెట్లు చూస్తుండగానే ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. గడ్డలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. డిసెంబర్ మొదట్లో తేల్చి చెప్పారు, లింఫ్ గ్రంథుల టీబీ అని.

వీసా కోసం ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, ఏమీ లేదని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ణి. ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఎక్స్‌రేకి దొరకదని అప్పుడే తెలిసింది.

"పాపని ఎత్తుకోవచ్చా?" అని మొదట అడిగాను. "నిక్షేపంగా ఎత్తుకోండి. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి మీ నుంచి ఎవరికీ రాదు" అంది టీబీ నర్సు. కంచం, గ్లాసు వేరే పెట్టుకోవాలా అన్నాను. "ఏ టీబీ అయినా కంచం వల్ల అంటుకోదు" అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మా అమ్మ పెదనాన్నకి 1960ల మొదట్లో క్షయ వచ్చింది. ఒంగోలు దగ్గర పల్లెటూళ్ళో ఆయన్ని పశువుల కొట్టంలో ఉంచారు. ఆయన సత్తు కంచం ఇంట్లో గిన్నెలతో కలవకూడదు. అప్పటికే మద్రాసులో భారత, బ్రిటన్ వైద్య పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 1959లో వెలువడింది. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, నయమైనంత బాగా నయమవుతుందని, ఇంట్లోవాళ్ళకి దానివల్ల అదనంగా ముప్పు లేదని తేల్చింది. ఆ కబురు మా ఊరికి చేరేలోపే ఆయన పోయారు.

నాకు ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత రెండు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది, మూత్రం నారింజ రంగులో వచ్చేది. కాలేయం కోసం రక్తపరీక్షలు, చూపు కోసం కంటి పరీక్షలు చేశారు. వీసాకి ఏడాదికి 624 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జ్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి రుసుం, ముందే కట్టాను. కానీ ఇక్కడ టీబీ వైద్యం వీసా లేనివాళ్ళకి కూడా ఉచితమే, అలాగే ఉండాలి.

డిసెంబర్ 15న జీతాల కోసం నర్సుల సమ్మె. ముందురోజే టీబీ నర్సు ఫోన్ చేసి, నా దగ్గర మాత్రలు సరిపడా ఉన్నాయో లేదో కనుక్కుంది. "రేపు నేనూ సమ్మెలో ఉంటాను, ఏమనుకోకండి" అంది. అనుకోవడానికేముంది? నెలాఖరుకి ఇల్లు గడవని మనిషి నా కాలేయం గురించి ఆలోచిస్తోంది. మర్నాడు నీరసంగానే బస్సెక్కి క్వీన్ స్ట్రీట్ దాకా వెళ్ళాను. అక్కడ అనైరిన్ బెవన్ విగ్రహం ఉంది. వేల్స్‌లోని ట్రెడెగర్ అనే ఊళ్ళో బొగ్గుగని కార్మికుడి కొడుకు. తండ్రి గని ధూళితో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆ ఊళ్ళో గని కార్మికులు జీతంలోంచి తలా కొంచెం వేసుకుని వైద్య సంఘం నడుపుకునేవాళ్ళు. బెవన్ ఆరోగ్యమంత్రి అయ్యాక, 1948 జులై 5న, అలాంటి ఏర్పాటు నేషనల్ హెల్త్ సర్వీస్ పేరుతో దేశమంతటికీ వచ్చింది. ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాను.

అమ్మకి మాత్రం చెప్పలేదు. జూన్‌లో చివరి మాత్ర వేసుకున్నాక ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "పెదనాన్న కంచం నేనే తీసుకెళ్ళేదాన్ని నాన్నా. గడప దగ్గర పెట్టి పరిగెత్తుకొచ్చేసేదాన్ని, లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు" అంది. మళ్ళీ కాసేపాగి అడిగింది:

"ఆ నర్సమ్మకి జీతం పెంచారా?"