సియెనాలో ఒక ఆదివారం

ఈ రోజు సెలవు కావడంతో ఉదయపు బస్సులో ఫ్లోరెన్స్ నుండి సియెనాకు వెళ్లి, చీకటి పడే వేళకు గదికి చేరుకున్నాను. ఇటలీలోని ఈ టస్కనీ ప్రాంతానికి వచ్చే మనవాళ్లలో చాలామంది పీసా గోపురం ముందు ఫోటో దిగి, ఫ్లోరెన్స్‌లో ఒక పూట గడిపి, రోమ్ రైలెక్కేస్తారు. ఒక్క ఊరు చూసే తీరిక మాత్రమే ఉన్నవారికి నేనైతే సియెనాకే వెళ్లమని చెబుతాను.

ఊరి నడుమ ఉన్న పియాజ్జా డెల్ కాంపో ఆల్చిప్పలా పరచుకొని, పురపాలక భవనమైన పలాజ్జో పుబ్లికో వైపు వాలి ఉంటుంది. ఎర్ర ఇటుకల నేలను తెల్లరాతి పట్టీలు తొమ్మిది భాగాలు చేస్తాయి. 1287 నుండి 1355 వరకు నగరాన్ని ఏలిన తొమ్మండుగురి మండలికి అది గుర్తు. పడిన వాననీరంతా దిగువనున్న తూములోకి చేరేలా ఆ వాలును తీర్చారు. జూలై 2న, ఆగస్టు 16న ఈ మైదానం అంచున మట్టి పరిచి పాలియో గుర్రప్పందెం నడుపుతారు. నగరంలోని 17 పేటలలో ఒక్కో పందెంలో పదింటికే చోటు దక్కుతుంది.

ఆ తొమ్మండుగురు కొలువుదీరిన గదిలో 1338–39లో అంబ్రోజియో లొరెంజెట్టి గీసిన కుడ్యచిత్రాలను విడిచి రావడం నాకు కష్టమైంది. మంచి పాలనలో ఊరు ఎలా ఉంటుందో చూపే గోడపై చేతులు పట్టుకొని నాట్యమాడేవారు, పరంజాపై నిలబడి గోడ కడుతున్న మేస్త్రీలు, పాఠం చెబుతున్న గురువు, కోట ద్వారం దాటితే పొలాల్లో పంట కోస్తున్న రైతులు కనిపిస్తారు. రంగు చాలావరకు రాలిపోయిన ఎదుటి గోడపై కొమ్ములున్న నియంత సింహాసనమెక్కగా, న్యాయదేవత బందీగా అతని పాదాల దగ్గర పడి ఉంది. ఆ ఊళ్లో పని సాగుతున్నది ఆయుధాలు చేసేవాడి కొట్టులో మాత్రమే. పాలకులు తమ నిర్ణయాలు తీసుకునే చోటనే ఈ హెచ్చరికను కళ్లెదుట పెట్టుకోవడం నన్ను ఎంతగానో కదిలించింది.

అదే 1339లో సియెనా వాసులు తమ నలుపు తెలుపు పాలరాతి కెథెడ్రల్‌ను, అప్పటి కట్టడం అడ్డ నడవగా మాత్రమే మిగిలేంత పెద్దదిగా విస్తరించడానికి పూనుకున్నారు. 1348లో ప్లేగు వచ్చి నగరాన్ని ఖాళీ చేసింది; లొరెంజెట్టి కూడా ఆ రోగానికే బలయ్యాడని భావిస్తారు. ఆగిపోయిన ఆ కట్టడపు ముఖద్వార గోడ నేటికీ ఆకాశం కింద ఒంటరిగా నిలిచి ఉంది.

పూర్తికాని ఆ కొత్త కట్టడపు నడవలోనే ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది. 1311 జూన్ 9న అంగళ్లు మూసి, గంటలు మోగిస్తూ ఊరంతా ఊరేగింపుగా కెథెడ్రల్‌కు తెచ్చుకున్న మాయెస్తా, అంటే దుచ్చో చెక్క ఫలకాలపై గీసిన మరియమాత చిత్రం, అక్కడే ఉంది. అంత ప్రేమతో తెచ్చుకున్నదాన్ని 1771లో రంపంతో కోసి విడదీశారు. కొన్ని ఫలకాలు లండన్, వాషింగ్టన్ వంటి నగరాలకు చేరాయి. ఒకప్పుడు దాని వెనుకవైపు ఉన్న క్రీస్తు చివరి రోజుల దృశ్యాలను ఒక్కొక్కటిగా చూస్తుండగా మూసే వేళ అయింది. మిగిలిన ఫలకాల కోసమైనా వచ్చే నెల మళ్లీ వెళ్తాను.