నోటు వెనక చెల్లు

2022 జూన్‌లో ఒక స్నేహితుణ్ణి ఐదు వేలు అడిగాను. నెల్లూరులో నేను అప్పటికింకా అప్పు అడగనివాడు వాడొక్కడే మిగిలాడు. వాడు డబ్బు పంపలేదు. ఒక టెలిగ్రామ్ గ్రూపు లింకు పంపించి, "ముందు ఇందులో చేరు మావా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేవంటే సరిపోయేదానికి ఈ సోదంతా ఎందుకని వాడి నంబరు బ్లాక్ చేసి, ఆ ఐదు వేలు ఇంకో లోన్ యాప్‌లో తీసుకుని, గడువు మీదికొచ్చిన పాత యాప్‌కి కట్టాను. దాన్ని అప్పుల్లో ఉన్నవాళ్ళం రొటేషన్ అంటాం. వినడానికి ఏదో వ్యాపారంలాగే ఉంటుంది.

నేను ఒక బైకుల షోరూంలో అకౌంట్స్ చూస్తాను. సాయంత్రం క్యాష్‌లో పది రూపాయలు తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి వెళ్ళను, అదొక జబ్బు నాకు. అలాంటివాణ్ణి, సొంత క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి చూసి అప్పటికి ఎనిమిది నెలలైంది. మెయిల్ వచ్చేది, పాస్‌వర్డ్ అడిగేది, మూసేసేవాణ్ణి. మినిమం ఎంతో మెసేజ్‌లో వస్తుంది కదా, అంత పడేస్తే ఫోన్లు రావు, నాకు కావాల్సింది అంతవరకే.

ఎట్టా మునిగానో చెప్పాలంటే పెద్ద కొత్త కథేం కాదు, మా వైపు ఇంటికొకటి ఉంటుంది: రొయ్యలు. 2020లో మా బామ్మర్ది విడవలూరు దగ్గర రెండెకరాల గుంట లీజుకి తీసుకుంటూ నన్ను వాటా అడిగాడు. మూడు లక్షలు పర్సనల్ లోన్ తీసి పెట్టాను, ఐదేళ్ళు, పదహారు శాతం, నెలకి 7,300. మొదటి పంట బాగా వచ్చింది. నా వాటాకి డెబ్బై వేలు మిగిలాయి, నన్ను ముంచింది ఆ డెబ్బై వేలే. రెండో పంటకి కందుకూరులో మా నాన్నకి తెలిసిన ఒక పెద్దాయన దగ్గర ప్రామిసరీ నోటు రాసి రెండు లక్షలు తెచ్చాను, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. 2021 ఏప్రిల్‌లో, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన యాభయ్యో రోజు తెల్లారుజామున బామ్మర్ది ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు, "బావా, గట్టుకి వచ్చేస్తున్నాయి." నేను బైకేసుకుని పోయేసరికి చెక్ ట్రేలో రాత్రి పెట్టిన మేత పెట్టినట్టే ఉంది. ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని చూస్తే తల మీది చిప్పకి ఉప్పు కల్లు అంటుకున్నట్టు తెల్ల మచ్చలు, వైట్ స్పాట్ తెగులు. ఆ పూటే పట్టించేశాం. కిలోకి నూట ఇరవై తూగే సైజుకి కొనేవాడు ఏ రేటంటే అదే రేటు, మేత కొట్లో బాకీకే చాలలేదు. మేలో నాన్నకి కరోనా, ఆస్పత్రిలో పదకొండు రోజులు, రెండు కార్డులూ అక్కడే గీకాను. నాన్న బతికి ఇంటికొచ్చాడు, ఆ ఖర్చు గురించి మాత్రం నేను ఏ రోజూ బాధపడలేదు.

యాప్‌ల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఐదు వేలని నొక్కితే ఖాతాలో పడేది మూడు వేల చిల్లర, వారం తిరిగేసరికి ఐదు వేలూ కట్టాలి. మొదట్లో కాంటాక్ట్స్‌కీ ఫోటోలకీ అన్నిటికీ అలౌ కొట్టేశాను కదా, గడువు దాటిన మర్నాడే మా మేనేజరుకీ మా మేనత్తకీ పాలతనికీ కూడా నేను దొంగనని మెసేజ్ వెళ్ళింది, నా ఫోటోతో సహా. మేనేజరు పిలిచి అడిగాడు, మేనత్త ఫోన్లో ఏడ్చింది. పాలతను మాత్రం మర్నాడు పాలు పోస్తూ ఏమీ అనలేదు. నాకు అది ఇంకా ఘోరంగా అనిపించింది.

ఆ రాత్రి ఆ లింకు నొక్కాను.

లోపల ఓ నాలుగొందల మంది తెలుగువాళ్ళు. ఎవరికీ పేర్లు లేవు, ఊళ్ళ పేర్లే. అక్కడ డబ్బు అడగకూడదు, ఇస్తామని కూడా అనకూడదు, లోన్ ఇప్పిస్తానన్నవాణ్ణి అప్పటికప్పుడు తీసేస్తారు. ఉన్న పద్ధతల్లా ఒకటే, నెల ఒకటో తారీఖున ప్రతివాళ్ళూ మూడు అంకెలు రాయాలి: మొత్తం బాకీ, పోయిన నెల తీర్చింది, కొత్తగా చేసింది. నేను చాలా రోజులు చదువుతూ ఊరుకున్నాను. ఎవరో ఒకామె పద్దెనిమిది లక్షలని రాసింది, దాని కిందే ఇంకెవరో ఉప్మాలో జీడిపప్పు మానేసి నెలకి ఎంత మిగిలిందో రాస్తే దాని మీద అరగంట జోకులు. పద్దెనిమిది లక్షల కింద జోకులు వేసుకోవచ్చని నాకు అంతవరకు తెలియదు.

జూలై ఒకటిన నేనూ రాద్దామని కూర్చుంటే నా అంకె నాకే తెలియదు. డాబా మీదికి పోయి స్టేట్‌మెంట్లన్నీ తెరిచాను. పెద్ద కార్డు 1,38,000. రెండోది 64,000. పర్సనల్ లోన్‌లో మిగిలిన అసలు 2,07,000. కందుకూరు నోటు రెండు లక్షలు. యాప్‌లు మూడూ కలిపి 27,000, చేబదుళ్ళు 45,000. కూడితే 6,81,000. మనసులో నేను నాలుగు, మహా అయితే నాలుగున్నర అనుకుంటూ తిరుగుతున్నాను. అప్పుడు నా జీతం 28,000, మా ఆవిడ జాకెట్లు కుట్టి తెచ్చేది ఇంకో ఏడు వేలు.

పంపాను. రెండు నిమిషాల్లో కర్నూలు అక్క అడిగింది (అందరూ ఆమెని అలాగే పిలుస్తారు), పెద్ద కార్డుకి నెలకి ఎంత కడుతున్నావని. మినిమం అన్నాను, ఐదు శాతం, 6,900. ఆమె ఏమీ తిట్టకుండా లెక్క వేసి పెట్టింది: 1,38,000 మీద నెలకి మూడున్నర శాతం వడ్డీ 4,830, ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 869, మొత్తం 5,699. అంటే నేను కట్టే 6,900లో అసలుకి పోయేది 1,201 రూపాయలు. పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా ఏం గీకినా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేని యాభై రోజుల గడువు అనేదే ఉండదు. జీఎస్టీ రిటర్నులు రాసి బతికేవాణ్ణి నేను, ఈ జీఎస్టీ నా కంటికి ఆనలేదు. రెండు రూపాయల వడ్డీ అని కందుకూరు పెద్దాయన్ని మా ఇంట్లో అందరం తిట్టుకునేవాళ్ళం, కార్డుది జీఎస్టీతో కలిపితే నాలుగు రూపాయల పైన. అరుగు మీద కూర్చున్నవాడే మనకి వడ్డీవ్యాపారిగా కనపడతాడు.

తర్వాత ప్రశ్న, ఇంట్లో బంగారం ఉందా అని. ఉంది గానీ మా ఆవిడకి ఇవేవీ తెలియవు అన్నాను. గుంటూరాయన ఒకడున్నాడు, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, "ముందు ఆ పని చూసుకుని రా బాబూ, లెక్కలు ఎక్కడికీ పోవు" అన్నాడు. మూడు రోజులు వాయిదా వేసి, నాలుగో రోజు అన్నాల దగ్గర చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, "పాలతను ఆ రోజే నాకు ఫోన్ చూపించాడు" అంది. అన్ని రోజులుగా తెలుసు, నేను ఎప్పుడు చెప్తానా అని చూస్తోంది. ఆ రాత్రి మేం ఇంకేం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. పొద్దున బీరువాలోంచి నాలుగు గాజులు తీసి మంచం మీద పెట్టింది. బ్యాంకులో లక్షా యాభై వేలు ఇచ్చారు, ఏడాదికి తొమ్మిది శాతం, అంటే ముప్పావలా వడ్డీ. నాలుగు రూపాయల వడ్డీ బాకీ ముప్పావలా వడ్డీలోకి మారింది. పెద్ద కార్డు ఆ రోజే క్లోజ్, మిగిలిన పన్నెండు వేలు యాప్‌లకి.

ముందు చిన్నవి తీర్చాలా, వడ్డీ ఎక్కువ ఉన్నవి తీర్చాలా అని గ్రూపులో ఎప్పుడూ ఒక గొడవ నడుస్తూ ఉంటుంది. లెక్క ప్రకారం వడ్డీ ఎక్కువున్నదే ముందు. నేనైతే యాప్‌లు ముందు తీర్చాను, నిద్ర పట్టాలి కదా. ఆ ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు చెప్పింది, పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు దాటాక వసూలు ఫోన్లు చెయ్యకూడదని. సెప్టెంబరులో యాప్‌లకి కూడా రూల్స్ పెట్టింది, ఫోన్‌లో కాంటాక్ట్స్ జోలికి పోకూడదని. గుంటూరాయన ఆ కాగితాలు గ్రూపులో పెట్టి, రెండో కార్డు ఏజెంటు రాత్రి తొమ్మిదికి చేస్తే ఏం అనాలో నాతో రెండుసార్లు ప్రాక్టీసు చేయించాడు. ఏజెంటు "సరే సార్" అని పెట్టేశాడు! నాకు ఏజెంట్లు సార్ అంటారని అప్పుడే తెలిసింది. రిజర్వు బ్యాంకు అనుమతి ఏదీ లేని దొంగ యాప్‌కి మాత్రం రూల్సూ లేవు, సిగ్గూ లేదు, దాని మీద సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్క్రీన్‌షాట్లతో కంప్లైంట్ పెట్టాను.

అమ్మకి కూడా చెప్పాను, దసరాకి. అమ్మ పుట్టిల్లు కలిగిరి మండలం. దూబగుంట ఆ మండలంలోదే, 1992లో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ ఊరు. 1993 అక్టోబరులో సారా ఆగిపోయింది, ఆ ఊపులోనే మా జిల్లాలో ఊరూరా రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు లేచాయి. అమ్మ అప్పటి మనిషి. చిన్నప్పుడు మీటింగుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది, చాప మీద గుండ్రంగా కూర్చుని ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత బాకీ ఉందో పైకి చదివేవాళ్ళు, నాకు నిద్రొచ్చేది. ఇప్పుడు నా ఫోన్‌లో గ్రూపు చూపిస్తే అమ్మ వేలితో పైకీ కిందికీ జరిపి, "ఇదీ సంఘమే కదంటరా" అంది. ఆ తర్వాత, "మాకైతే ఎవురన్నా ఆ వారం కట్టకపోతే వాళ్ళింటికి పోయి కూర్చుంటాం. మీవోళ్ళు రాలేరు కదా, నువ్వే నిజం రాయాల" అంది.

నిజం రాయడం అనుకున్నంత తేలిక కాదు. 2023 మేలో మా అక్క కూతురికి ఓణీల ఫంక్షన్, నేను మేనమామని, మూడు గ్రాముల ఉంగరం, 18,500, రెండో కార్డు మీద గీకేశాను. అప్పటికి ఆ కార్డు మీద ఇంకా తీర్చాల్సింది ఇరవై వేలే. జూన్ ఒకటిన మూడో అంకె దగ్గర సున్నా అని కొట్టి, చెరిపి, మళ్ళీ సున్నా కొట్టి, రాత్రి పదకొండుకి 18,500 అని పంపాను. కర్నూలు అక్క, "మేనమామవి, తప్పదులే. జూన్‌లో ఎంత కడతావు?" అని ఊరుకుంది. చివాట్లు పెట్టి ఉంటే జూలైలో నేను రాసేవాణ్ణి కాదు.

గ్రూపులో అందరూ మంచివాళ్ళేం కాదు. ఒకడు విడిగా మెసేజ్ పెట్టి, కార్డు బాకీ నలభై శాతానికి సెటిల్ చేయిస్తాను, ఫైలింగ్‌కి మూడు వేలు అన్నాడు. నేను పంపాను, వాడు మాయమయ్యాడు. గ్రూపులో చెప్పుకుంటే అప్పటికే ఆరుగురు పంపి ఉన్నారట, సిగ్గుకి ఎవరూ చెప్పలేదు. బ్యాంకుతో నిజంగా సెటిల్ చేసుకున్నా సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చిట్టా అది) 'క్లోజ్డ్' అని రాదు, 'సెటిల్డ్' అని పడుతుంది, మళ్ళీ ఇంటి లోన్‌కి వెళ్తే ఆ మాట చూసి చాలాచోట్ల వెనక్కి పంపిస్తారు. ఏడాదికోసారి ఫ్రీగా రిపోర్టు ఇస్తారు, తీసి చూసుకోండి, నా దాంట్లో తీర్చేసిన కార్డు ఇంకా బాకీ అని ఐదు నెలలు కనపడింది.

లింకు పంపినవాడి సంగతి మర్చిపోయాను. గ్రూపులో 'ట్రంకు రోడ్డు' అని ఒకడు నా అంకెల కింద ప్రతి నెలా ఒక బొటనవేలు పెట్టేవాడు. వాడే వీడు. వాడి బాకీ నాకన్నా రెండు లక్షలు ఎక్కువ. 2022లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి ఇద్దరం కలిసే వెళ్ళాం, స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, డబ్బు కోరుకునేవాళ్ళు పట్టే ధన రొట్టె తీసుకున్నాం. వాడు నాకన్నా పెద్ద ముక్క తుంచుకున్నాడు, బాకీ పెద్దది కదా అని.

తర్వాతి రోజులు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాత్రిళ్ళు మూడు కొట్లకి జీఎస్టీ రాశాను, నెలకి ఆరు వేలు. గాజులు 2024 డిసెంబరులో విడిపించాం. పర్సనల్ లోన్ 2025 జూన్‌లో దానంతటదే అయిపోయింది. మిగిలింది కందుకూరు నోటు.

(కందుకూరు ప్రకాశంలో ఉండేది, 2022లో మా నెల్లూరు జిల్లాలో కలిపారు, నా నోటు తీరేనాటికి ఇటే ఉంది. బాకీ మాత్రం ఏ జిల్లాలోనైనా బాకీయే.)

ఆగస్టులో చివరి ముప్పై వేలు తీసుకుని వెళ్ళాను. పెద్దాయన బీరువాలోంచి నోటు తీశాడు. మడతల దగ్గర నలిగిపోయింది, రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం పాలిపోయింది. వెనక్కి తిప్పితే పైనుంచి కిందిదాకా చెల్లులు, ఆయన గుండ్రటి చేతిరాతలో తారీఖు, మొత్తం, పక్కన నా పొట్టి సంతకం. మొదటి ఏడాదంతా వడ్డీకే సరిపోయిన నాలుగు వేలు, తర్వాత అయిదు, పది, ఒకచోట పదిహేను. నోటుకి మూడేళ్ళు దాటితే కోర్టులో చెల్లదేమోనన్న భయంతో 2024 ఫిబ్రవరికి ముందే ఆయన నన్ను పిలిపించి రాయించిన చెల్లు కూడా ఉంది. చివరిది రాయకుండా నోటు నా చేతిలో పెట్టి, "నువ్వే చించుకో అబ్బయా" అన్నాడు. స్టాంపున్న ముక్క చించేశాను, వెనక చెల్లులున్న ముక్క జేబులో పెట్టుకున్నాను.

వాళ్ళావిడ కాఫీ తెచ్చింది. పెద్దాయన గ్లాసు అందుకుంటూ, "నీ మాదిరి కట్టినోణ్ణి ఈ మధ్య చూళ్ళేదు. మళ్ళా గుంటా గింటా ఏదన్నా ఆలోచనుంటే మొహమాటపడబాక, నీకైతే రూపాయిన్నరకే ఇస్తా" అన్నాడు. రూపాయిన్నర. అర సెకను, నిజంగా అర సెకను, నా బుర్రలో రెండెకరాల గుంట, ఏరేటర్లు తిరుగుతున్నాయి.

బస్టాండులోంచి ఆ మాట గ్రూపులో పెట్టాను. కర్నూలు అక్క వెంటనే అడిగింది, బస్సెక్కావా అని. ఎక్కి, సీట్లో కూర్చుని, టికెట్ తీసుకున్నాకే రాస్తున్నా అక్కా అన్నాను.