తుయ్‌షౌ నాలుగో నెల: ముల్లు కాటా చెప్పిన లెక్క

తాయ్‌చీ మొదలుపెట్టి నాలుగో నెల. రోజూ పొద్దున 1956లో చైనాలో అందరి కోసం కూర్చిన 24 భంగిమల వరస రెండుసార్లు, తర్వాత మా బావతో అరగంట తుయ్‌షౌ. అంటే చేతులు ఆనించుకుని ఎదుటివాణ్ణి అడుగు కదిలించడం. ఇది యుద్ధవిద్య అని నాకు ఒంటికి తెలిసింది ఇక్కడే.

ఈ వారం ఇంట్లో బరువు చూసుకునే కాటా తీశాం. డిజిటల్‌ది అంకె నిలబడేదాకా ఏమీ చెప్పదు, ముల్లు కాటాయే పనికొచ్చింది. నిలువుగా పట్టుకుంటే ముల్లు సున్నా నుంచి జరుగుతుంది, ముందే సరిచేసుకోవాలి. తువ్వాలు మడతపెట్టి, దానిమీద కాటాను ఛాతీకి ఆనించుకుని, "మెల్లగా నెట్టు బావా, కుదుపొద్దు" అన్నాను.

పాదాలు పక్కపక్కనే ఉంటే 6 కిలోలకే వెనక్కి తూలాను. ఒక కాలు ముందుకేసిన గాంగ్‌బూలో 19 దాకా ఆగాను. నా బరువు 66 కిలోలు, గరిమనాభికి సూటిగా కిందనుంచి వెనక మడమ 38 సెంటీమీటర్లు, బావ నెట్టింది 120 సెంటీమీటర్ల ఎత్తున. 66ని 38తో గుణించి 120తో భాగిస్తే, నన్ను తూల్చడానికి కావలసిన బలం దాదాపు 21 కిలోలు. ముల్లు అబద్ధం చెప్పలేదు.

అదే గాంగ్‌బూలో, రెండు పాదాలను కలిపే గీతకు అడ్డంగా నెట్టమన్నాను. 7 కిలోలకే పోయాను! ఆ దిక్కున నాకున్న ఆధారం ఒక పాదమంతే. ఎంత కిందికి కూర్చున్నా పెద్దగా మారలేదు. ఇన్నాళ్ళూ మోకాళ్ళు వంచడమే వేళ్ళూనడం అనుకున్నాను. అసలు చూడాల్సింది ఎదుటివాడి పాదాల గీత. సాక్సుతో నున్నటి టైల్స్ మీదైతే 14 దగ్గరే పాదం జారింది, తూలేదాకా రానేలేదు. కాబట్టి పట్టున్న బూట్లు వేసుకోండి.

"నాలుగు లియాంగ్‌లతో వెయ్యి జిన్‌లను మళ్ళించు" అని పాత మాట. ఇవి చైనా పాత తూకాలు, జిన్‌కు 16 లియాంగ్‌లు, అంటే 4000 రెట్లు. ఆ అంకెను అక్షరాలా తీసుకోలేం కానీ సూత్రం నిజం. నిన్న బావ చెయ్యి సూటిగా నా వెన్నెముక మీదికి వచ్చింది. ఆపలేదు. మణికట్టు దగ్గర పక్కకు కాస్త ఒత్తి, నడుం తిప్పాను. అడ్డంగా ఒత్తేటప్పుడు అతని బలంతో తలపడక్కర్లేదు, దాని దారిని నా మధ్యనుంచి తప్పిస్తే చాలు. అతని భుజం నన్ను దాటిపోయింది, ముందుకో అడుగు పడింది.

వచ్చే వారం ఎడమవైపు. అటు నడుం ఇంకా బిగుసుకునే ఉంది.